సిమెంట్ ఇటుక, ఏఏసీ, మట్టి బ్లాకు: ఎర్ర ఇటుక వద్దనుకుంటే ఏది కొనాలి?

ఎర్ర ఇటుక వద్దనుకున్నవాళ్లకి తెలుగు రాష్ట్రాల్లో ఇవాళ దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఊళ్లలో అందరూ సిమెంట్ ఇటుక అని పిలిచే బూడిద ఇటుక, లైట్ వెయిట్ బ్లాకు అనే ఏఏసీ (ఆవిరి ఒత్తిడిలో గట్టిపరిచిన బుడగల కాంక్రీటు), స్థలం దగ్గరి మట్టినే మెషిన్లో నొక్కి చేసే మట్టి బ్లాకు. మూడింటినీ పర్యావరణానికి మంచివనే చెప్పి అమ్ముతున్నారు. ఆ మాట ఎంత నిజమో పేరుని బట్టి తేలదు. బ్లాకులో సిమెంట్, సున్నం ఎంత పడ్డాయి, కట్టుబడికి మాలు ఎంత పట్టింది, కట్టిన గోడ పగిలి మళ్లీ ప్లాస్టరింగ్ దాకా వచ్చిందా అన్న మూడు చోట్లే తేలుతుంది. ఇక్కడ ప్రతి సరుకునీ ఆ లెక్కతోనే చూశాం.

పోలిక కోసం ముందు ఎర్ర ఇటుక సంగతి. 9 అంగుళాల ఇటుక ఒక్కటి 3 కిలోల పైన తూగుతుంది. అదంతా చాలాచోట్ల పొలాల పైపొర మట్టి. కాల్చడానికి బొగ్గు, ఊక, కట్టె. బట్టీ రకాన్ని బట్టి ఒక్కో ఇటుకకి సుమారు 350 నుంచి 500 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 9 అంగుళాల గోడ చదరపు మీటరుకి దాదాపు 95 ఇటుకలు పడతాయి. 1:6 మాలులో, అంటే ఒక పాలు సిమెంట్‌కి ఆరు పాళ్ల ఇసుక, మరో 14 కిలోల సిమెంట్ పోతుంది. కిలో ఓపీసీ (బూడిద, స్లాగ్ కలపని మామూలు) సిమెంట్‌కి 850 గ్రాముల చొప్పున వేసుకుంటే, ఎర్ర ఇటుక గోడ చదరపు మీటరుకి మొత్తం 45 నుంచి 60 కిలోల కార్బన్ డయాక్సైడ్ (ఇకపై కార్బన్ అన్నది దీన్నే) తేలుతుంది. మిగతా సరుకులన్నీ గెలవాల్సింది ఈ అంకె మీదే.

బూడిద ఇటుక

థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలాక మిగిలే బూడిద మన దగ్గర కొదవ లేని సరుకు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం, పాల్వంచలోని కొత్తగూడెం కేంద్రం, రామగుండం, విశాఖ దగ్గర సింహాద్రి, కడప జిల్లాలో రాయలసీమ కేంద్రం, నెల్లూరు దగ్గర కృష్ణపట్నం. వీటి చుట్టూ ఇటుక యూనిట్లు చాలా ఉన్నాయి. బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీ లేకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి పుట్టింది కూడా విశాఖపట్నంలోనే. ఇన్స్వారెబ్ సంస్థ నడిపిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ దాన్ని దేశమంతా చిన్న యూనిట్ల దాకా తీసుకెళ్లారు. ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి కొనుగోలు చేసిన కార్బన్ క్రెడిట్లలో (కాలుష్యం తగ్గించినందుకు ఇచ్చే పత్రాల్లో) ఫాల్-జి ఇటుకలవీ ఉన్నాయి. ఇంత పెద్ద పని మన ఊళ్లో మొదలైందని ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామందికి తెలియకపోవడం బాధగానే ఉంటుంది.

ఇవాళ ఎక్కువ యూనిట్లలో నడిచేది సున్నం దారి కాదు, సిమెంట్ దారి. బూడిద 50 నుంచి 60 శాతం, రాతిపొడి లేదా ఇసుక 30 నుంచి 40 శాతం, సిమెంట్ 8 నుంచి 10 శాతం. కార్బన్ లెక్క మొత్తం ఆ చివరి అంకె మీద ఆధారపడి ఉంది. 3.2 కిలోల ఇటుకలో 8 శాతం అంటే 250 గ్రాముల సిమెంట్, అంటే ఇటుకకి 215 గ్రాముల కార్బన్. మాలుతో కలిపితే గోడ చదరపు మీటరుకి 32 కిలోలు. ఎర్ర ఇటుక మీద చక్కటి గెలుపు. అదే యూనిట్ వాడు నాసి బూడిద వేసి, బలం రావడం లేదని సిమెంట్ 15 శాతానికి పెంచితే ఇటుకకి 400 గ్రాములు దాటుతుంది. అంటే మంచి బట్టీలో కాలిన ఎర్ర ఇటుకని మించిపోయినట్టే. పీపీసీ (బూడిద కలిపిన సిమెంట్) గానీ స్లాగ్ సిమెంట్ (ఇనుప కొలిమి చిట్టెం కలిపింది) గానీ వాడితే ఈ అంకెల్లో దాదాపు మూడో వంతు లేదా ఇంకా ఎక్కువ తగ్గుతుంది. అందుకే యూనిట్‌కి వెళ్లినప్పుడు అడగాల్సిన మొదటి రెండు ప్రశ్నలు: వెయ్యి ఇటుకలకి ఎన్ని బస్తాలు వేస్తారు, ఏ సిమెంట్ వేస్తారు. వెయ్యికి 5 బస్తాలు అంటే 8 శాతం దగ్గర ఉన్నట్టు. 9, 10 బస్తాలు అంటున్నారంటే బూడిదలో ఏదో లోపం ఉంది.

లారీ దూరం గురించి అందరూ భయపడతారు. లెక్క వేస్తే కార్బన్ వరకు అది చిన్న విషయమే. 5,000 ఇటుకలు అంటే 16 టన్నులు. 100 కిలోమీటర్లు తెచ్చి లారీ ఖాళీగా వెనక్కి పోయినా, లీటరుకి 4 కిలోమీటర్ల చొప్పున 50 లీటర్ల డీజిల్, సుమారు 135 కిలోల కార్బన్. ఇటుకకి పంచితే 27 గ్రాములు. సిమెంట్ 1 శాతం పెరిగినా అంతే అవుతుంది. దూరం కొరికేది జేబుని. కిరాయి ఇటుక ధరలో కలిపి చెప్పమనాలి.

కొనేటప్పుడు రంగు చూసి ఏమీ తెలియదు. ఒక ఇటుక పగలగొట్టి లోపల చూడండి. లోపల నల్లటి మచ్చలు, కాలని బొగ్గు పొడి కనిపిస్తే అది చెరువు బూడిదతో (థర్మల్ కేంద్రం నీళ్లతో కలిపి చెరువులోకి వదిలిన బూడిద) చేసింది కావచ్చు. కాలని బొగ్గు ఎక్కువున్న బూడిద సిమెంట్‌తో సరిగా కలవదు. గోరుతో గట్టిగా గీస్తే గీత లోతుగా పడకూడదు. రెండు ఇటుకలు తాటిస్తే ఖంగుమనాలి. మీటరు ఎత్తు నుంచి గట్టి నేల మీదకి వదిలితే ముక్కలవకూడదు. 24 గంటలు నీళ్లలో నానబెట్టి తూచాలి. పొడి బరువు 3.2 కిలోలుంటే తడి బరువు 3.84 కిలోలు దాటకూడదు, అంటే 20 శాతం లోపు. నానిన ఇటుక అంచులు వేలితో నులిమితే రాలుతున్నాయా అన్నది ఇంకా ముఖ్యం. వీటన్నిటి పైన, ఐదు ఇటుకలు దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో నొక్కించి చూడండి. భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 12894 సున్నం రకానికి, ఐఎస్ 16720 సిమెంట్ రకానికి. ఇంటికి చదరపు మిల్లీమీటరుకి 7.5 న్యూటన్ల తరగతి అడిగితే సరిపోతుంది.

ఈ ఇటుకతో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం వయసు తక్కువ కావడం వల్లే. బూడిదకి బలం మెల్లగా వస్తుంది. ఒక రోజు నీడలో ఆరాక కనీసం 14 రోజులు, వీలైతే 21 రోజులు తడి తగలాలి. గిరాకీ ఉన్న నెలల్లో యూనిట్లు వారానికే లారీ ఎక్కించేస్తాయి. అలాంటి ఇటుక గోడలోకి వెళ్లాక కుంచించుకుంటుంది. ప్లాస్టరింగ్ మీద మెట్లు మెట్లుగా వచ్చే పగుళ్లు దానివే. అచ్చు తేదీ రాసిన దొంతరలోంచే ఎక్కించమని పట్టుబట్టండి. తేదీలే రాయని యూనిట్ దగ్గర కొనకపోవడం మంచిది.

కట్టేటప్పుడు మేస్త్రీకి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎర్ర ఇటుకలా తొట్టిలో గంటలు నానబెట్టకూడదు, కట్టే ముందు నీళ్లు చల్లితే చాలు. మాలు 1:6 కంటే ఘాటుగా వద్దు. 1:4 వేస్తే మాలు ఇటుక కంటే గట్టిపడి, పగులు మాలులో కాకుండా ఇటుకలోంచి పోతుంది. జాయింటు 10 మిల్లీమీటర్లు. ఇటుక కొలత కచ్చితంగా ఉంటుంది కాబట్టి అంతకంటే లావు అక్కర్లేదు. రోజుకి 4 అడుగులకి మించి లేపకూడదు. ముఖం నున్నగా ఉండడం వల్ల ప్లాస్టరింగ్ జారిపోయే ప్రమాదం ఉంది. ముందుగా 1:3 సిమెంట్ ఇసుక చిక్కటి ద్రావణాన్ని చీపురుతో చిలకరించి, ఒక రోజు ఆరనిచ్చి, దాని మీద ప్లాస్టరింగ్ చేస్తే పట్టు బాగుంటుంది.

వేడి విషయంలో మాత్రం ఎర్ర ఇటుకకీ దీనికీ తేడా లేదు. ఇల్లు చల్లగా ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మవద్దు. ఒకటి రెండు అంతస్తుల ఇల్లు, బాత్రూము గోడలు, ప్రహరీ, ప్లింత్ (పునాది దిమ్మె) పైన మొదటి వరుసలు, వీటన్నిటికీ మా మొదటి ఓటు దీనికే.

ఏఏసీ బ్లాకు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఎటు చూసినా కనబడే తెల్లటి పెద్ద బ్లాకు ఇది. 1920లలో స్వీడన్లో యోహాన్ ఎరిక్సన్ తయారు చేసిన పద్ధతి. బూడిద లేదా ఇసుక, సిమెంట్, సున్నం, కొంచెం జిప్సం కలిపిన ద్రావణంలో అల్యూమినియం పొడి వేస్తారు. సున్నంతో కలిసి హైడ్రోజన్ బుడగలు పుట్టి పిండి పొంగుతుంది. గట్టిపడ్డాక తీగలతో కోసి, ఆటోక్లేవ్ అనే మూసిన ఆవిరి పాత్రలో 180 డిగ్రీల పైన ఆవిరి ఒత్తిడిలో 8 నుంచి 12 గంటలు ఉంచుతారు. అందుకే ఇది గోడకి రాకముందే పూర్తి బలంతో ఉంటుంది, క్యూరింగ్ అక్కర్లేదు.

కార్బన్ లెక్కలో ఇది అమ్మేవాళ్లు చెప్పినంత గొప్పది కాదు. కిలోకి పావు కిలో నుంచి దాదాపు 400 గ్రాముల దాకా లెక్కలున్నాయి. సిమెంట్, సున్నం రెండూ ఉన్నాయి, పైగా బాయిలర్ ఉంది. 8 అంగుళాల గోడ చదరపు మీటరుకి 120 కిలోల బ్లాకు అనుకుంటే 30 నుంచి 48 కిలోల కార్బన్. మంచి బూడిద ఇటుక గోడతో సమానం లేదా కొంచెం ఎక్కువ. మరి ఎందుకు కొనాలి? రెండు కారణాలున్నాయి.

మొదటిది బరువు. 10 అడుగులకి 10 అడుగుల ఎర్ర ఇటుక గోడ, 9 అంగుళాల మందంతో, ప్లాస్టరింగ్ కాకుండానే 4 టన్నులుంటుంది. అదే 8 అంగుళాల ఏఏసీ గోడ 1.3 టన్నుల దరిదాపు. ఐదంతస్తుల కట్టడంలో ఈ తేడా బీములు, పునాదులు, స్టీలు మీద కనిపిస్తుంది. ఇంట్లో కార్బన్ ఎక్కువగా ఉండేది అక్కడే. అయితే స్ట్రక్చరల్ ఇంజనీరుకి ముందే చెప్పి, ఏఏసీ బరువుతోనే డిజైన్ చేయిస్తేనే ఈ ఆదా. ఎర్ర ఇటుకకి వేసిన డ్రాయింగ్‌తో స్లాబులు పోసి, గోడల దగ్గరకి వచ్చాక ఏఏసీకి మారితే కిలో స్టీలు కూడా మిగలదు. సొంతిళ్లలో జరిగేది ఎక్కువగా ఇదే.

రెండోది వేడి. ఏఏసీ ఉష్ణ వాహకత, అంటే వేడిని లోపలికి పంపే గుణం, ఎర్ర ఇటుకలో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే. ప్లాస్టరింగ్ కలిపి లెక్కించినా 8 అంగుళాల ఏఏసీ గోడలోంచి లోపలికి వచ్చే వేడి 9 అంగుళాల ఇటుక గోడలో సగానికి మించదు. రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల ఎండల్లో పడమటి గోడకి ఇది చాలా పెద్ద సాయం. ఏసీ వాడే ఇంట్లో ఏటా కరెంటు రూపంలో తిరిగి వస్తుంది. పై అంతస్తు వాళ్లకి ఒక మాట: మీ ఇంట్లోకి దిగే వేడిలో ఎక్కువ భాగం స్లాబు నుంచి వస్తుంది. పైన ఇన్సులేషన్ గానీ, కనీసం తెల్లటి కూల్ కోటింగ్ గానీ లేకుండా గోడలకి మాత్రం ఏఏసీ పెట్టి ఇల్లు చల్లబడాలని ఆశిస్తే నిరాశే.

కొనుగోలు క్యూబిక్ మీటరు లెక్కన జరుగుతుంది. క్యూబిక్ మీటరుకి 600, 200, 200 మిల్లీమీటర్ల బ్లాకులు 41 చిల్లర, 150 మందం అయితే 55, 100 మందం అయితే 83. దిగాక లెక్కపెట్టుకోండి. 100 చదరపు అడుగుల గోడకి 76 బ్లాకులు పడతాయి, విరిగేవి కలిపి 80 తెప్పించుకోవాలి. అంచులు రాలిన బ్లాకు సగానికి కోసి వాడుకోవచ్చు, పారేయనక్కర్లేదు. ఐఎస్ 2185 మూడో భాగం ప్రకారం మొదటి గ్రేడు అడగండి. క్యూబిక్ మీటరుకి 551 నుంచి 650 కిలోల సాంద్రత ఉన్న బ్లాకుకి అందులో చదరపు మిల్లీమీటరుకి 4 న్యూటన్ల బలం ఉండాలి, రెండో గ్రేడుకి 3 చాలు. ఈ రెండు గ్రేడుల మధ్య అసలు తేడా బలంలో కాదు, కుంచించుకోవడంలో. మొదటి గ్రేడుకి 0.05 శాతం, రెండో గ్రేడుకి 0.10 శాతం హద్దు. 4 మీటర్ల గోడకి ఇది 2 మిల్లీమీటర్లకీ 4 మిల్లీమీటర్లకీ ఉన్న తేడా. ఆ అదనపు 2 మిల్లీమీటర్లే మీ ప్లాస్టరింగ్ మీద గీతగా కనిపిస్తుంది.

లైట్ వెయిట్ బ్లాకు అన్న పేరుతోనే సీఎల్‌సీ అనే నురుగు కాంక్రీటు బ్లాకు కూడా అమ్ముతారు. అది ఆటోక్లేవ్‌కి వెళ్లదు, అచ్చులో పోసి మామూలుగా నీళ్లు కొట్టి చేసేది. కుంచించుకోవడం ఎక్కువ. రెండూ నీళ్లలో తేలవచ్చు కాబట్టి తేలడం చూసి మోసపోవద్దు. ఏఏసీ తెలుపుకి దగ్గరగా ఉంటుంది, పక్కల మీద తీగ కోత గీతలుంటాయి. సీఎల్‌సీ సిమెంట్ రంగులో, అచ్చు నున్నదనంతో ఉంటుంది. బిల్లు మీద ఏఏసీ అనీ, ఐఎస్ నంబరుతో సహా రాయించుకోండి.

ఇక పగుళ్లు. ఏఏసీ మీద జనం చెప్పే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇవే, వాటిలో చాలా వరకు కట్టుబడి లోపాలే. ఆటోక్లేవ్ నుంచి వేడివేడిగా వచ్చిన బ్లాకులో నీరు చాలా ఉంటుంది. 8 అంగుళాల బ్లాకు పొడిగా 14 కిలోలు ఉండాలి. దిగినప్పుడు 19, 20 కిలోలు తూగితే అదంతా నీరే. అలాంటివి కట్టేస్తే ఆరుతూ గోడలోనే కుంచించుకుంటాయి. నేల తగలకుండా చెక్కల మీద పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, పక్కలు తెరిచి రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. వానాకాలంలో ఇంకా ఎక్కువ. బ్లాకులు తెప్పించిన రోజే కట్టడం మొదలుపెట్టే మేస్త్రీని ఆపగలిగితే సగం పగుళ్లు ఆగినట్టే.

ఇంకో తప్పు, ఎర్ర ఇటుక అలవాటుతో 1:4 సిమెంట్ మాలు అర అంగుళం వేసి కట్టడం. ఆరిన బ్లాకు మాలులోని నీళ్లు పీల్చేసుకుంటుంది, మాలు పొడిపొడిగా మిగులుతుంది. ఈ బ్లాకుకి బ్లాక్ జాయింటింగ్ అడెసివ్ వాడాలి, మందం 3 మిల్లీమీటర్లు. 40 కిలోల బస్తా 8 అంగుళాల గోడలో సుమారు 70 చదరపు అడుగులకి, 4 అంగుళాల గోడలో 140 చదరపు అడుగులకి వస్తుంది. మామూలు మాలులో పోయే సిమెంట్‌తో పోలిస్తే చాలా తక్కువ, అది కూడా కార్బన్ ఆదానే. మొదటి వరుస ఒక్కటి మాత్రం లెవెల్ సరిచేయడానికి సిమెంట్ మాలులో కట్టాలి. నిలువు జాయింట్లలో అడెసివ్ నింపకుండా వదిలేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. ప్లాస్టరింగ్ మీద 60 సెంటీమీటర్లకోటి నిలువు గీతలు వస్తే కారణం అదే.

కాలమ్ పక్కన 10 నుంచి 12 మిల్లీమీటర్ల సందు వదిలి, తర్వాత సాగే గుణమున్న ఫిల్లర్‌తో నింపాలి. పైన బీము కింద 15 నుంచి 20 మిల్లీమీటర్లు వదిలి, గోడ కట్టిన రెండు వారాల తర్వాతే మూయాలి. కాలమ్, బీము కలిసే చోట్ల అటో 6 అంగుళాలు ఇటో 6 అంగుళాలు పడేలా ఫైబర్ మెష్ గానీ చికెన్ మెష్ గానీ బిగించాలి. కిటికీ అడుగున, లింటెల్ (తలుపు, కిటికీల పైన అడ్డంగా వేసే కాంక్రీటు దూలం) దగ్గర రెండు కమ్ములతో 3, 4 అంగుళాల కాంక్రీటు బ్యాండు వేయాలి. 4 అంగుళాల గోడల్లో ఈ బ్యాండు మానేస్తే తలుపు మూసినప్పుడల్లా గోడ అదురుతుంది. కరెంటు పైపులకి గాడి ఉలితో కొట్టకూడదు, కట్టర్‌తో కోయాలి, మందంలో మూడో వంతుకి మించి లోతు పోకూడదు. ప్లాస్టరింగ్ 1:6లో 12 మిల్లీమీటర్లు చాలు. బ్లాకు మీద పైపుతో నీళ్లు పట్టకుండా, చిలకరించి తడిపితే సరిపోతుంది.

మేకులు నిలవవన్నది నిజమే. ఫోటో ఫ్రేముకి ఏఏసీ కోసం చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్గు చాలు. నీళ్లు నిండిన 25 లీటర్ల గీజరు 35 కిలోల పైన ఉంటుంది. దానికి, ఏసీ బయటి యూనిట్‌కి, వాష్ బేసిన్‌కి, గోడ ఆరపార బోల్టు వేసి వెనక ప్లేటు పెట్టాలి. అంతకంటే మంచి పని ఇంకోటుంది. ప్లానులోనే ఆ చోట్లు గుర్తించి, అక్కడ ఏఏసీ బదులు బూడిద ఇటుకో, కాంక్రీటు బ్లాకో పెట్టి కట్టడం. తలుపు చట్రాన్ని గోడకి పట్టించే ఇనుప హోల్డ్‌ఫాస్టుల దగ్గర కూడా అంతే. బాత్రూములో కింద కనీసం ఒక అడుగు వరకు ఏఏసీ వద్దు, ప్లింత్ కిందైతే అసలే వద్దు. తడి పీల్చుకుంటే తొందరగా ఆరదు.

పిల్లర్ల కట్టడం, మూడంతస్తులు దాటిన ఇల్లు, పడమటి ఎండ పడే గోడలు ఉంటే ఏఏసీ కొనండి. అడెసివ్‌తో కట్టడం తెలిసిన మేస్త్రీ దొరక్కపోతే మాత్రం మానుకోండి. మంచి బ్లాకుతో చెడ్డగా కట్టిన గోడ కంటే మామూలు బూడిద ఇటుకతో సరిగ్గా కట్టిన గోడ నయం.

మట్టి బ్లాకు

మనసుకి బాగా నచ్చిన సరుకు ఇదే, దొరకడం కష్టమైనదీ ఇదే. ఎర్ర మట్టి జల్లెడ పట్టి, 5 నుంచి 8 శాతం సిమెంట్ కలిపి, కొద్దిపాటి తడితో ప్రెస్సులో నొక్కుతారు. కాల్చడం లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీ లెక్కల్లో 6 శాతం సిమెంట్ వేసిన బ్లాకుకి పట్టే శక్తి అంతే పరిమాణం కాల్చిన ఇటుకకి పట్టే దాంట్లో దాదాపు నాలుగో వంతు. మర్దిని ప్రెస్సు అక్కడ గ్రామీణ సాంకేతికత మీద పనిచేసిన ఆస్త్ర బృందం తయారుచేసిందే. ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఆరం ప్రెస్సు కూడా దేశమంతా వాడుకలో ఉంది, అక్కడ శిక్షణ కూడా ఇస్తారు. ఈ బ్లాకుకి ఉన్న ఐఎస్ 1725 ప్రమాణాన్ని 2013లో సవరించారు.

అన్నీ మట్టి మీదే ఆధారపడి ఉన్నాయి. తెలంగాణ చల్కా నేలలు, అనంతపురం, చిత్తూరు ఎర్ర నేలలు బాగా నప్పుతాయి. నల్లరేగడి సిమెంట్‌తో పనికి రాదు. వేర్లు, కుళ్లిన ఆకు ఉండే పైన అడుగున్నర మట్టి తీసి పొలానికి వాడుకుని, దాని కింది మట్టి తీయాలి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకి చేరుతుంది, ఒండు అరగంట ముప్పావుగంటలో, బంకమట్టి మర్నాటికి. ఇసుక, గులకరాళ్లు కలిపి 65 శాతం, బంక 15 నుంచి 20 శాతం ఉంటే మంచి మట్టి. బంక ఎక్కువైతే ఇసుక లేదా రాతిపొడి కలపాలి. అలా కాకుండా సిమెంట్ పెంచితే ఈ బ్లాకు అర్థమే పోతుంది.

తడి సరిపోయిందా అన్నది చేతితోనే తెలుస్తుంది. పిడికిలి బిగించి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలవ్వాలి. పొడి అయిపోతే నీళ్లు తక్కువ, చదునుగా అతుక్కుంటే ఎక్కువ. సిమెంట్ కలిపిన మట్టి అరగంటలో నొక్కేయాలి, అందుకే ఒక్కసారి బస్తా మొత్తం కలపకూడదు. 230, 190, 100 మిల్లీమీటర్ల బ్లాకు 8 కిలోలుంటుంది. 7 శాతం చొప్పున 50 కిలోల బస్తాకి 85 నుంచి 90 బ్లాకులు రావాలి. వంద పైన వస్తున్నాయంటే సిమెంట్ తగ్గిస్తున్నారు. మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ పట్టా కప్పి, తర్వాత మూడు నాలుగు వారాలు తడపాలి. బలం ఎప్పుడూ నానబెట్టిన బ్లాకుకే చూడాలి. పొడిగా ఉన్నప్పుడు ఏ మట్టి బ్లాకైనా గట్టిగానే ఉంటుంది.

గోడ చదరపు మీటరుకి 38 బ్లాకులు, మట్టి కలిపిన మాలుతో సహా 25 కిలోల లోపే కార్బన్. బయట ప్లాస్టరింగ్ లేకుండా వదిలేస్తే ఇంకా ఆదా, చూడ్డానికీ అందం. అలా వదలాలంటే రెండు షరతులు: ప్లింత్ నేల నుంచి అడుగున్నర ఎత్తు రాతితో కట్టాలి, చూరు రెండడుగులు బయటికి రావాలి. పెట్టెలా చూరు లేని ఎలివేషన్ కావాలనుకునేవాళ్లకి ఇది నప్పదు. తుపాను వాన అడ్డంగా కొట్టే కోస్తా ఊళ్లలో వాన వైపు గోడకి సున్నం ప్లాస్టరింగ్ చేయించండి. పనిబృందం మీ స్థలానికే రావాలి కాబట్టి, చిన్న ఇంటికి ప్రెస్సు తెప్పించడం ఖర్చు అనిపించవచ్చు. ఫామ్‌హౌస్, బడి, నాలుగైదిళ్లు కలిసి కట్టే చోటైతే ఆలోచించకుండా తీసుకోవచ్చు.

మిగతావి

కాంక్రీటు హాలో బ్లాకు బూడిద ఇటుకకి ముందు నుంచీ ఉన్నదే, ప్రహరీకి మంచిది. ఇంటికైతే సిమెంట్ ఎక్కువ, ఎండాకాలం వేడీ ఎక్కువ. పంట వ్యర్థాలు, సున్నంతో చేసే బయో ఇటుకలతో ఐఐటీ హైదరాబాద్ 2021లో తన ప్రాంగణంలో కాపలా గది కట్టింది. పొలంలో కాల్చేసే గడ్డిలోని కార్బన్ గోడలో దాక్కుంటుంది కాబట్టి ఈ దారికి మంచి భవిష్యత్తు ఉంది. ప్రస్తుతానికి బరువు మోయని గోడలకే. ఇంటి మొత్తానికి వెయ్యి చొప్పున ఆర్డరు పెట్టే సరుకుగా ఇంకా అనుకోవద్దు.

ఊళ్లో ఎర్ర ఇటుక తప్ప ఏదీ దొరకదంటారా, అప్పుడు ర్యాట్ ట్రాప్ కట్టుబడి అడగండి. ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో బోలు వదులుతూ కట్టే ఈ పద్ధతిని కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విరివిగా వాడాడు. 9 అంగుళాల గోడే వస్తుంది, ఇటుకలు నాలుగో వంతు తగ్గుతాయి, మాలు ఇంకా ఎక్కువ తగ్గుతుంది, బోలు వల్ల వేడి కూడా తక్కువ. ప్లింత్, కిటికీ అడుగు, లింటెల్, చివరి వరుస మాత్రం బోలు లేకుండా గట్టిగా కట్టాలి. స్విచ్ బోర్డుల చోట్లు ముందే గుర్తుపెట్టుకోవాలి.

పాత ఇల్లు కూలుస్తున్నచోట ఇటుకలు దొరికితే వాటిని మించిన తక్కువ కార్బన్ సరుకు లేదు, కాల్చిన పొగ ఏనాడో పోయింది. అయితే సున్నం మాలుతో కట్టిన గోడ ఇటుకలే తీసుకోండి, తాపీ అంచుతో గీకితే మాలు ఊడి వస్తుంది. సిమెంట్ మాలుతో కట్టినవి విడదీయబోతే సగం విరుగుతాయి. తెచ్చిన ఇటుకల్లో పది తీసి ఒక రాత్రి నానబెట్టి ఆరబెట్టండి. పైన తెల్లటి ఉప్పు పొర పూస్తే అవి ప్రహరీకి, మెట్ల కింద నింపడానికి సరే, ప్లాస్టరింగ్ చేసే లోపలి గోడకి వద్దు.